కుడ్ పక్కన హార్డ్‌లీ

నవ్వకుండా వింటానంటే చెప్తాను. ఆ, నవ్వుతార్లెండి, నాకు తెలీదా! సరే, టీ చల్లారేలోపు చెప్పేస్తా. ఈ వారం రోజుల్లో మా చెల్లెలి సంబంధం ఒకసారి చెడగొట్టాను, ఒకసారి కుదిర్చాను. రెండూ ఇంగ్లీషుతోనే. రెండూ నాకు తెలియకుండానే!

మా సుశీలని చూసుకోడానికి పోయిన నెలాఖర్న బాపట్ల వాళ్లొచ్చారని చెప్పాను కదా. అబ్బాయిది వ్యవసాయ శాఖలో ఉద్యోగం. వాళ్ల నాన్న రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆయన కుక్కని అదిలించినా ఇంగ్లీషులోనే అదిలిస్తాడు. పెళ్లిచూపుల్లో అబ్బాయి మా అమ్మ చేసిన మైసూరుపాకు కొరకలేక గుట్టుగా ప్లేట్లో పెట్టేస్తే మా సుశీల ఫక్కున నవ్వింది. ఆ అబ్బాయీ నవ్వాడు. ఇంకేముంది, దీనికి బాగా నచ్చేశాడు. పైకి చెప్పదనుకోండి. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి వీధి గుమ్మంలో ఉండేది.

సోమవారం ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో! మన ట్యుటోరియల్ ఇంగ్లీషు మాస్టారు ఇంట్లో ఉండగా ఇంకెవరు చదువుతారండీ? గొంతు సవరించుకుని చదివాను.

"వుయ్ కుడ్ హార్డ్‌లీ హేవ్ లైక్డ్ ది గర్ల్ బెటర్. వుయ్ నీడ్ హార్డ్‌లీ సే మోర్."

"అంటే ఏంట్రా?" అంది అమ్మ.

"హార్డ్‌లీ అంటే లేదన్నట్టేనమ్మా. ఐ కుడ్ హార్డ్‌లీ స్లీప్ అంటే నిద్ర పట్టలేదని. అలాగే వీళ్లకి అమ్మాయి నచ్చలేదు. పైగా ఇంతకంటే చెప్పక్కర్లేదని పొగరుగా రాశాడు."

తలుపు చాటునుంచి సుశీల, "చివర్న బెటర్ అని ఉంది కదా అన్నయ్యా? బెటర్ అంటే మంచిదేగా?" అంది.

"అది కంపారెటివ్ డిగ్రీ. నీకు తెలీదు, ఊరుకో," అన్నాను.

పాపం, ఊరుకుంది. అన్నం కూడా తినకుండా ఊరుకుంది.

నాన్నకి మాత్రం ఎక్కడలేని రోషం వచ్చింది. "ఇంటికి పిలిచి మర్యాద చేస్తే ఇదా! కాయితం తీయరా. వాళ్ల ఇంగ్లీషుకి నీ ఇంగ్లీషు తీసిపోకూడదు. చదివి తలెత్తుకోకూడదు!"

నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. నాన్న చెప్పడం, నేను ఇంగ్లీషు చెయ్యడం.

"వాళ్ల మర్యాదకి ఈ జన్మలో థాంక్స్ చెప్పలేమని రాయి."

"వుయ్ కెన్ నెవర్ థాంక్ యూ ఎనఫ్ ఫర్ యువర్ కర్టసీ."

"చివర్న ఆ ఎనఫ్ ఎందుకురా?"

"ఇంక చాలు అని నాన్నా. దెబ్బ గట్టిగా తగుల్తుంది."

నాన్న తృప్తిగా తలూపాడు. "ఇలాంటి మనుషులు ఎక్కడా ఉండరని కూడా తగిలించు."

"వుయ్ కుడ్ నాట్ పాసిబ్లీ ఫైండ్ సచ్ పీపుల్ ఎనీవేర్."

"భేష్! పెళ్లి ఘనంగా జరుగుతుంది, కచ్చితంగా వచ్చి కళ్లారా చూడండి అని రాసి ముగించు. వేరే సంబంధం చేసి చూపిస్తాను వాళ్లకి!"

"ది వెడ్డింగ్ విల్ షూర్లీ టేక్ ప్లేస్ గ్రాండ్లీ. యూ మస్ట్ డెఫినిట్లీ కమ్." వేరే సంబంధం అన్న ముక్క రాయలేదు. అది వాళ్లే గ్రహించాలి, అదే ఇంగ్లీషు పద్ధతి అన్నాను. ఉత్తరం డబ్బాలో వేసి వస్తుంటే, ఏం చెప్పమంటారు, ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నాన్న అదే రోజు రేపల్లెలో ఒక సంబంధం వాళ్లకి కబురు పెట్టాడు. వాళ్లు ఆదివారం పదకొండు గంటల రైలుకి వస్తామన్నారు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికే తలుపు చప్పుడు. రేపల్లె వాళ్లు ముందే వచ్చారేమోనని నాన్న కండువా సర్దుకుని తలుపు తీశాడు. ఎదురుగా బాపట్ల స్టేషన్ మాస్టరు! వెనకాల ఆయన భార్య, చేతిలో పళ్లబుట్ట, పసుపు కుంకుమ. నాన్న నోరు తెరిచేలోపే ఆయన గట్టిగా కౌగలించుకున్నాడు.

"బావగారూ! ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇంత వినయమైన ఉత్తరం నేను చూడలేదండీ!"

నాన్న నా వైపు చూశాడు. నేను దూలాల వైపు చూశాను.

ఆయన జేబులోంచి నా ఉత్తరం తీసి, భార్యకోసం తెలుగు చేసి మరీ వినిపించాడు. "మీకెంత థాంక్స్ చెప్పినా చాలదు, అన్నారు. మీలాంటి మంచి మనుషులు వెతికినా దొరకరు, అన్నారు. పెళ్లి ఘనంగా చేస్తాం, తప్పకుండా రండి, అన్నారు. మా అబ్బాయి పెళ్లికి మమ్మల్నే రమ్మని పిలవడమేంటండీ, మీ పెద్దరికం కాకపోతే! అందుకే ముహూర్తం మాట్లాడుకుందామని వచ్చేశాం."

నాన్న నెమ్మదిగా, "మరి... మీరు రాసిందాంట్లో... అమ్మాయి..." అన్నాడు.

"రాశాను కదండీ, ఇంతకంటే నచ్చడమనేది సాధ్యం కాదని! ఇంక వేరే చెప్పాలా అని కూడా రాశాను. మీవాడు చదివి చెప్పలేదా?"

"చదివాడండి," అన్నాడు నాన్న, పళ్లు బిగించి. "బ్రహ్మాండంగా చదివాడు."

తలుపు వెనక సుశీల నోట్లో పమిట కుక్కుకుని నవ్వుతోంది. ఆ నవ్వు విని నా ప్రాణం కుదుటపడింది. నిజం చెప్పొద్దూ, వారం నుంచీ దాని మొహం చూడలేకపోయాను.

అంతలో గడియారం పది కొట్టింది. నాన్న నన్ను పెరట్లోకి లాక్కెళ్లాడు. "రేపల్లె వాళ్లు దిగుతార్రా! స్టేషన్‌కి పరిగెత్తు. క్షమించమని చెప్పి, మర్యాదగా పంపించు. ఒరేయ్, తెలుగులో చెప్పు!"

తెలుగులోనే చెప్పాను. ప్లాట్‌ఫారం మీద వాళ్లకి కాఫీ ఇప్పించి, తప్పు మాదేనండి, ఎవరో మాస్టారు ఉత్తరం అర్థం తప్పుగా చెప్పడంవల్ల ఇలా అయిందండి అని చేతులు పట్టుకున్నాను. పెద్దాయన దేవుడు. కోప్పడలేదు సరికదా, నవ్వేశాడు.

"పోనీలే నాయనా, పిల్ల సంబంధం నిలబడింది, అంతే చాలు. ఇంతకీ ఎవరా మాస్టారు? మా తమ్ముడి కూతురు మెట్రిక్ ఇంగ్లీషులో పోయింది, మీ తెనాల్లోనే ట్యుటోరియల్లో చేర్పిద్దామనుకుంటున్నాం. పొరపాటున ఆయన దగ్గర పడితే పిల్ల గతేంటి? ఎక్కడ చెప్తాడాయన?"

ఏం చెయ్యమంటారండీ? మన ఎదురు వీధి ట్యుటోరియల్ పేరు చెప్పేశాను.