ఆరో నంబరు వడియాలు

పోయినేడు మా అపార్టుమెంటు కింద, కార్లు పెట్టే చోట మీటింగు జరిగితే నేనూ వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మణికొండకు, కొడుకు ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఏడాదికి సరిపడా గుమ్మడి వడియాలు మేడ మీదే పెట్టుకుంటున్నాను. కొన్న వడియం మా ఇంట్లో మూకుడు ఎక్కలేదు. ఆ మేడ మీద వాకింగు చేసేవాళ్లకు నా వడియాలు కాళ్లకు అడ్డం వస్తున్నాయట. ఆ సంగతి తేలేదాకా లేవనని కూర్చున్నాను.

మూడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి అసోసియేషన్ సెక్రటరీ. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని రూల్సు తెలుగులో టైపు చేస్తున్నాడు, వాచ్‌మన్‌కూ నాలాంటి వాళ్లకూ తెలియాలని. చివరికి విసిగిపోయి, "ఇదిగో ఆంటీ, ఆరో నంబరు మీదే. మీ వడియాలకి సొంత నంబరు ఇచ్చేశా, ఇక ఎవ్వరూ కదపలేరు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ వారమే ఒక డబ్బా వడియాలు వాళ్లింటికి పంపాను. అంతకుముందూ ఏటా పంపుతూనే ఉన్నాను.

ఆ కాగితం లిఫ్టులో అంటించారు. నేను చదివింది నాలుగో తరగతి. కూడబలుక్కుంటూ చదువుతాను. పైకీ కిందికీ తిరిగినప్పుడల్లా చదివేదాన్ని. 'ఐదు: మేడ మీద చేయకూడనివి.' దాని కింద, కాస్త లోపలికి జరిపి, ఐదులో ఒకటి సిగరెట్లు, ఐదులో రెండు మందు, ఐదులో మూడు కుక్కలు. మళ్లీ అంచుకు వచ్చి, 'ఆరు: వడియాలు, మిరపకాయలు ఆరబెట్టుకోవడం, సాయంత్రం ఐదింటి వరకు.'

ఈ ఏడు ఎండలు ముదిరాక బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పు వేసి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా బరువు పెట్టాను. మినప్పప్పు నానబోసి, తెల్లవారుతూనే రుబ్బించాను. గిన్నె చంకన పెట్టుకుని మెట్లెక్కి వెళ్తే మేడ తలుపుకు తాళం.

పాలమూరు నుంచి వచ్చి మా దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాయన వెనకాలే వచ్చాడు. "పెద్దమ్మా, జర ఆగు. రాత్రే లిఫ్టుల కొత్త కాగితం అంటించిన్రు గదా, సూడలేదా? ఇగ మీద వడియాలు పెట్టుడు బంద్."

"ఎవడన్నాడు?"

"నేనేడంట? గా కాగితంలనే ఉన్నది. సిగిరెట్టు, మందు, కుక్కలు, వడియాలు. అన్నీ ఒక్క తాన్నే పెట్టిన్రు." కాసేపు తల గోక్కుని అన్నాడు: "గానీ ఐదింటి దాంకనే బంద్ అని రాసిన్రు పెద్దమ్మా. ఐదు కొట్టినంక రా, తాళం తీస్త. పొద్దుగూకినంక ఆరబెట్టుకో."

అతను ఎగతాళి చేయలేదు. కాగితంలో ఉన్నదే చెప్పాడు. కిందికి వచ్చి లిఫ్టులో చూసుకున్నాను. నిజమే. నా వడియాలు లోపలికి జరిగి, కుక్కల కింద 'ఐదులో నాలుగు' అయి కూర్చున్నాయి. ఆరో నంబరులో నీళ్ల ట్యాంకరు ఉంది.

కోడలు ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తోంది. చెవులకు తగిలించుకున్నది తీసి, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫైలు తెరిచి చూసింది.

"పైన ఏదో మార్చేటప్పుడు మీ లైను మీద ట్యాబ్ నొక్కేసి ఉంటారు అత్తయ్యా. చూడండి." పాత కాగితం కూడా కంప్యూటర్లోనే తెరిచి, బాణం గుర్తు నా లైను ముందు పెట్టి ఒక మీట నొక్కింది. ఆరు మాయమైంది. నా లైను లోపలికి జరిగి ఐదు కింద చేరింది. కిందవన్నీ చప్పుడు లేకుండా తలా ఒక అంకె పైకి ఎక్కేశాయి. చేత్తో కొట్టేస్తే కనీసం గీత మిగిలేది. ఇక్కడ ఖాళీ కూడా మిగల్లేదు. తర్వాత రెండు మీటలు కలిపి నొక్కితే లైను బయటికి వచ్చింది, ఆరు తిరిగొచ్చింది.

"అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"మరి ఆ మాత్రం నొక్కమను."

సెక్రటరీ ఫోనులో ఎంత మర్యాదగా మాట్లాడాడో! "అయ్యో, పొరపాటే ఆంటీ. కానీ అందరూ గ్రూపులో ఓకే పెట్టేశారు కదండీ. అప్రూవ్ అయిన డాక్యుమెంట్ నా అంతట నేను ముట్టుకోకూడదు. నెక్స్ట్ మీటింగులో పెట్టేద్దాం."

"పిండి పులుస్తోంది నాయనా. ఇవాళ్టికి తాళం తీయించు."

"ఒక్కళ్లకి తీస్తే అందరూ అడుగుతారండీ."

ఓకే పెట్టినవాళ్లలో మా అబ్బాయి కూడా ఉన్నాడు. సాయంత్రం అడిగితే, "ఎవరు చదువుతారమ్మా అవన్నీ" అన్నాడు. ఆఫీసులో వాడు రోజంతా చదివేది కాగితాలే.

బాల్కనీలో పాత చీర పరిచి పెట్టాను. ఎదురుగా కొత్త టవరు లేచాక మా వైపు ఎండ ఇలా వచ్చి అలా పోతుంది. వడియాలు పైన పొక్కు కట్టాయి, లోపల పచ్చి. మూడో నాటికి వాసన వచ్చింది, తర్వాత బూజు పట్టింది. అన్నం మెతుకు పారేయని చేత్తో చీరతో సహా చుట్టి చెత్తబండిలో వేశాను. కోడలు, "పోనీలెండి అత్తయ్యా, ఆర్డర్ పెడదాం" అంది. దాని ముఖం చూడలేదు.

మీటింగు వానలు పడ్డాక పెట్టారు. నేను వెళ్లలేదు. మర్నాడు సెక్రటరీ తడిసిన గొడుగుతో మా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో కొత్త కాగితం.

"ఆంటీ, మీ ఆరు మీకు వచ్చేసింది. హ్యాపీయేనా?"

అతని వెనక వరండాలోకి జల్లు కొడుతోంది. కాగితం తీసుకోలేదు. అతను వెళ్లబోతూ ఆగి, "అన్నట్టు ఈ ఏడు వడియాల డబ్బా రాలేదేంటండీ, మా ఆవిడ అడుగుతోంది" అన్నాడు.

"ఐదులో నాలుగు కింద ఉన్నాయి, వెతుక్కోమను" అని తలుపు వేశాను.