కంపలో పారేసిన కూనలు

మారెక్కకు పిల్లులంటే ప్రేమేమీ లేదు. గుమ్మఘట్ట దారిలో ఉన్న శెనక్కాయల మిల్లులో గింజలు ఏరే పనికి చేరి ఆమెకు పదహారేండ్లయింది. మిల్లులో మారెక్క అంటే ముందు గుర్తొచ్చేది ఆమె నోరే. తాగే నీళ్ల డ్రమ్ము కడగకపోయినా, అన్నం పొద్దు దాటిపోయినా అడిగేది ఆమె ఒక్కతే. తక్కిన ఆడవాళ్లు తలకాయ వంచుకుని చేటలతో చెరుగుతుంటారు.

ఈ ఏడు ఏప్రిల్‌లో ఒకపొద్దు మూటల నెట్టు వెనక ఊడ్చబోతే ఏదో బుస్సుమన్నది. పామనుకుని పొరక ఎత్తింది. చూస్తే ఎవరింటిదీ కాని బూడిదరంగు పిల్లి. పక్కటెముకలు తేలి ఉన్నాయి. దాని పొట్ట కింద నాలుగు కూనలు, ఇంకా కండ్లు తెరవలేదు.

"కనేదానికి నీకు ఈ ఎండలే దొరికినాయా?" అని తిట్టింది. తిట్టి, పగిలిన మూకుట్లో నీళ్లు పోసి దూరంగా పెట్టింది. మర్నాడు సద్దిలో ఎండుచేప తలకాయ దాచి తెచ్చింది. ఆమె అవతలికి పోయేదాకా పిల్లి దాన్ని ముట్టలేదు. పదిరోజులు అట్లే జరిగింది. పక్కన కూర్చుని గింజలు ఏరే సారాకు మాత్రం చెప్పింది.

"నీకేమన్నా చుట్టమా అది?" అని సారా నవ్వింది.

"బాలింత," అన్నది మారెక్క.

ఆమె కూతురు హేమావతి చేన్లోనే పుట్టింది. మూడోనాటికి మారెక్క మళ్లీ సాళ్లలో నడుం వంచింది. ఆపొద్దు ఆమెను కూర్చోమన్నవాళ్లు ఒక్కరూ లేరు.

పదకొండోనాడు లారీ వచ్చింది. మధ్యాన్నం అన్నం తిని వచ్చేసరికి మూటలన్నీ ఎత్తేసి నెట్టున్న తావు ఖాళీగా ఉంది. పిల్లి గోడమీద నిలబడి గొంతు చించుకుంటోంది. గుమాస్తా నరేంద్ర గేటు కాడ పట్టీ రాసుకుంటున్నాడు.

"ఏమప్పా, ఆడ కూనలుండె. యాడ పెట్టినారు?"

"గోతంలో ఏపిచ్చి గోడవతల కంపలోకి పారేపిచ్చినా. ఇది మిల్లా, పిల్లుల ఆస్పత్రా? పనికి పో అక్కా."

ఆమె పనికి పోలేదు. గోడ చుట్టి వచ్చి కంపచెట్లలో దూరింది. ముండ్లు చీరను పట్టుకుంటే చించుకునే పోయింది. గోతం దొరికింది. దాని మూతి పురికొసతో బిగించి కట్టి ఉంది. అది చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. పారేసినవాడు పారేసినాడు, మూతి కట్టే పనేముంది? విప్పితే మూడు కదిలినాయి. నాలుగోదానికి చీమలు పట్టినాయి.

మూడింటిని ఒళ్లో కట్టుకుని, చచ్చినదాన్ని చేత్తో పట్టుకుని నేరుగా సౌకారు గదిలోకి పోయింది. సౌకారు బదరీనారాయణ ఆ వారమే బస్టాండు కాడ చలివేంద్రం తెరిచి, దాని నెత్తిన తన పేరు రాయించుకున్న మనిషి. మారెక్క చచ్చిన కూనను ఆయన మేజా మీద పెట్టింది.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఏందిది మారెక్కా, తియ్యి ముందు."

"మీ గుమాస్తా మూటగట్టి ఎండలో పారేపిచ్చినాడు సౌకారీ. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేపిచ్చి దానమియ్యాలంటారు. మీరు చేపిస్తారా, ఆయప్ప చేపిస్తాడా?"

ఆయన మొహం పాలిపోయింది. "నాకు తెలీదు. నేను చెప్పి చేపిచ్చింది కాదు. అయ్యవారిని అడుగుతా, శాంతి ఏమన్నా ఉంటే..."

ఆయన జాలిపడి ఉంటే మారెక్క కొంచెం చల్లబడేదేమో. ఆయన్ను పట్టుకున్నది పాపభయం. ఒళ్లో కదులుతున్న వాటివైపు ఆయన చూడనైనా లేదు.

"శాంతి నిదానంగా చేసుకుందురు. వీటికి ఇప్పుడు నీడ కావాల. పాత కాటా రూము బీగంచెవి ఇయ్యండి."

ఇచ్చినాడు.

పొద్దు వాలేదాకా ఆ రూములోనే కూర్చుని గుడ్డ తడిపి కూనల మూతులు తుడిచింది. పిల్లి కిటికీలోంచి దూకి వచ్చింది. మారెక్క చెయ్యి వెనక్కి తీసేలోపలే మోచేతి నుంచి మణికట్టు దాకా గీరేసి, ఒక కూనను మెడ పట్టుకుని పోయింది. ఇంకో రెండుసార్లు వచ్చి తక్కినవి ఎత్తుకుపోయింది.

"పిల్లి కూనల్ని ఏడిండ్లు తిప్పుతాది గదా," అన్నది సారా.

"తిప్పనీ. మనిషి చెయ్యి పడిన తావులో అది ఎట్లుంటాది?" అని మారెక్క రక్తం కడుక్కున్నది. ఆ గీరుకు రాయదుర్గం సర్కారాస్పత్రిలో సూదులు వేయించుకోవలసి వచ్చింది. మర్నాడే నరేంద్ర ఆమెను పనికి రావద్దన్నాడు. సౌకారు ఆ మాట విననట్టే ఊరుకున్నాడు.

ఇప్పుడామె కణేకల్ పక్క మళ్లలో కలుపు తీసేదానికి పోతోంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోను మిల్లు మలుపులో ఆపించి, పిల్లి చేరిన మోరీ కాడ నీళ్లు, చేప తలకాయలు పెడుతుంది. వారం తిరిగేసరికి ఒక కూన కనబడకుండా పోయింది. రెండు బాగా ఎదిగినాయి. తల్లి మాత్రం ఆమెను చూస్తే ఈపొద్దుకూ బుస్సుమంటుంది.

ఒకనాటి సాయంత్రం పని ముగించి వస్తున్న సారా ఆడ నిలబడింది. "రెండు బతికినాయి గదక్కా. ఇంగా ఏం కోపం నీకు?"

"బతికినాయని నేనూరుకుంటే రేపు ఇంగొగదాన్ని పారేస్తారు. కోపం ఉండనీ. నాకదేం బరువు గాదు."

మిల్లు గేటు కాడ నరేంద్ర నిలబడి ఉన్నాడు. మారెక్క అతని ముందరే, అతని మొహం చూడకుండా, ఊరి దారి పట్టింది.