పిన్ను పెట్టిన పేజీలు

మొన్న ఆదివారం పొద్దున సరిగ్గా పదిన్నరకు, తార్నాకలో మా చెల్లె ఇంట్లో నా రేకుపెట్టె తెరిచాం. మాణికేశ్వర్ నగర్‌లో నేనుండే గదిని కూల్చి కొత్తది కడతానని ఇంటాయన అనడంతో సామాను తీసుకుని చెల్లె దగ్గరికి వచ్చేశాను. పెట్టెలో బట్టల అడుగున ఉన్న బొమ్మల పుస్తకాన్ని చెల్లె మనుమరాలు లాగి, నేను వద్దనేలోపే నేలమీద బోర్లా పడుకుని చదవడం మొదలుపెట్టింది.

ఆ పుస్తకం నా బిడ్డది. బడిలో చదవడం నేర్చుకుందో లేదో, గుండెజబ్బుతో చిన్నప్పుడే మంచం పట్టింది. దాని తండ్రి అంతకుముందే పోయాడు. నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో చపాతీలు చేసేదాన్ని. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండే లెక్చరరమ్మ, గుంటూరు వైపు మనిషి, బిడ్డను చూడవచ్చి కొత్త పుస్తకమూ రంగు పెన్సిళ్ళూ ఇచ్చి వెళ్ళింది. నోటికి కుట్టిన ఎర్రదారం ఊడిపోయి మాట పడిపోయిన ఒక గుడ్డబొమ్మ, ఆ దారం వెతుక్కుంటూ కాకి వీపెక్కి మబ్బుల మీదికి పోయే కథ అది. మన వయసు ఆడవాళ్ళందరం పాత చీర పేలికలతో బొమ్మలు చేసి, బొగ్గుతో కళ్ళు దిద్ది, వాటికి పెళ్ళిళ్ళు చేసి బెల్లం ముక్కలు పంచుకున్నవాళ్ళమే గానీ, మన బొమ్మలు గడప దాటి ఎక్కడికీ పోలేదు.

నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. బొమ్మలు చూసి తోచిన కథ చెబితే బిడ్డ ఊరుకోలేదు.

“నువ్వు కల్పిస్తున్నవమ్మా. గాడ రాసింది సదువు.”

రాదే అంటే నేర్చుకో అన్నది. నేను ముందుగానే ఆఖరి బొమ్మలు చూసి కథ పసిగడతానని, చివరి పేజీలన్నిటినీ కలిపి తన తలపిన్ను పెట్టేసింది. అక్కడిదాకా చదువుకుంటూ వచ్చాకే తీయాలట.

రాత్రి పలకమీద బిడ్డ రాసిచ్చిన అక్షరాలను పగలు మెస్సులో బండమీద పొడిపిండి పరిచి వేలితో దిద్దుకునేదాన్ని. పక్కన రొట్టెలు కాల్చే ఆమె ఎప్పుడూ ఒకటే ఎకసెక్కం.

“ఏందక్కా, రొట్టెలు జేస్తున్నవా, కలెక్టరు పరీక్ష రాస్తున్నవా? ఇయ్యాల పోరగాళ్ళకు గుణింతాలు తినవెడ్తవా ఏంది?”

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఒత్తు కనిపిస్తే చాలు, అక్కడే కూలబడేదాన్ని. వానాకాలమంతా సాయంత్రాలు నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే, బిడ్డ కళ్ళు మూసుకుని విని, తప్పు పోయినచోట మళ్ళీ చదివించేది. చివరికి గుడ్డబొమ్మ మబ్బులమీద వాన కురిపించే ముసలమ్మ ఇంటి తలుపు తట్టింది. లోపలినుంచి ముసలమ్మ ఎవరని అడిగింది. బొమ్మకు నోరు లేదు. సరిగ్గా అక్కడ పిన్ను. నిద్రొస్తున్నది, రేపు తీద్దామని బిడ్డే అన్నది. తెల్లారేసరికి పోయింది.

ఆ తరవాత బస్సు బోర్డులు చదివాను, పేపరు చదివాను, వారపత్రికల్లో సీరియళ్ళు కూడా చదివాను గానీ ఆ పుస్తకం ముట్టలేదు. నా చదువు అంత నత్తనడక కాకపోయుంటే బిడ్డ కథ చివరిదాకా విని పోయేది కదా అన్న ఒక్క దిగులే ఇన్నేళ్ళూ నన్ను తినేసింది.

“అమ్మమ్మా, పిన్ను తుప్పు పట్టింది. తీసెయ్యనా?” అని మనుమరాలు అడిగింది.

“అడిగేదాంక చేతులు ఆగుతయా నీకు!” అని చెల్లె గదమాయించింది. తీయమన్నాను.

నాకు వానాకాలమంతా పట్టిన పుస్తకం, పిల్ల పైకి చదివితే, చెల్లె పెట్టిన చాయ్ మరిగేలోపు అయిపోయింది. నోరులేని బొమ్మ తలుపుమీద వేలితో తనతో ఆడుకునే పాప పేరు రాస్తే, ముసలమ్మ తలుపు తీసి, దారం ఎక్కించి నోరు కుట్టి పంపింది. ఆఖరి బొమ్మ చూపిస్తూ, “ఇక్కడ ముందే ఎవరో రంగేసిన్రు” అన్నది పిల్ల. గుడ్డబొమ్మ నోటిమీద ఎర్ర పెన్సిలు, గీత దాటిపోయేలా గట్టిగా రుద్ది ఉంది.

నేను మెస్సుకు పోయిన పగళ్ళలో బిడ్డ అంతా చదివేసి, రంగు కూడా వేసి, పిన్ను మళ్ళీ పెట్టేసింది. తెలియనిది నా ఒక్కదానికే. చివరంటా తెలిసిన కథను, నత్తిగా చదివే నా నోట వానాకాలమంతా ఓపిగ్గా విన్నది. నేను చదవడం కోసం విన్నది.

ఇప్పుడు కథలు ఫోనే చదివి వినిపిస్తున్నది. దానికి తప్పు పోదు, ఒత్తు దగ్గర ఆగదు. ఆగే మనిషి పక్కన కూర్చుని వినాల్సిన పని పిల్లలకు లేకుండా పోయింది. బిడ్డ కూడా అక్కడే ఉన్నట్టు అనిపించిందని రాస్తే మీకు బాగుంటుందేమో. అనిపించలేదు. ఆ పూట ఆ గదిలో ఉన్నది నేను, మా చెల్లె, చెల్లె మనుమరాలు.