నెమలినార ఆకు మీద మచ్చలు

మాష్టారు తాడేపల్లిగూడెంలో కూతురింట పోయారని కబురు వచ్చి నెల కావస్తోంది. ఊళ్లో అందరూ ఆయన మంచితనం చెప్పుకుంటున్నారు. నేనూ తలూపుతున్నాను. వాళ్లతో అనలేనిది ఒకటి లోపల ఉండిపోయింది. అందుకే మా పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ఆయన ఏలూరు హైస్కూల్లో సైన్సు చెప్పి, రిటైరయ్యాక ఉంగుటూరులో మా పక్కింట ఉండేవారు. హైస్కూలుతో ఆగిపోయిన నాకు ఎన్నో పుస్తకాలిచ్చారు. ఏ ఆకు చేతికొచ్చినా వెలుగుకి ఎత్తిపట్టి చూసేవారు. చూసింది చెప్పాలి గాని అనుకున్నది చెప్పకూడదనేవారు. ఆ మాట మీద నాకు గురి.

మా అమ్మ కీళ్లనొప్పులకి నెమలినార పట్ట నూరి కట్టేవాళ్లం. ఆ చెట్టు గాలివానకి పడిపోతే, దాని గింజలు మొలిపించి ఇంటెదురు కాలువ గట్టున మూడు మొక్కలు నాటాను. వర్షాలు పట్టాక ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. మొక్కలకి అమ్మవారు పోసిందనుకుని, ఒక ఆకు కోసి మాష్టారికిచ్చాను. భూతద్దంతో చాలాసేపు చూశారు.

"అమ్మవారేనాండీ?"

"నీ పూజ నువ్వు చేసుకోమ్మా" అన్నారు.

రోజూ స్నానం చేసి, వేపమండతో పసుపునీళ్లు ఆకులన్నీ తడిసేలా చల్లాను. ఆయన అరుగు మీంచి చూస్తూనే ఉండేవారు. ఇవాళ ఆలస్యమైందేమని పలకరించేవారు కూడా. మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకున్నాయి. ఆకులన్నీ రాలి రెండు మొక్కలు ఎండిపోయాయి. నా భక్తిలోనే లోపముందని ఉపవాసాలున్నాను.

కర్మలయ్యాక పరామర్శకి వెళ్తే, మాష్టారి భార్య ఆయన ముచ్చట్లు చెబుతూ అన్నారు: "నువ్విచ్చిన ఆకుని తడిగుడ్డలో చుట్టి, పైన నా కూరగిన్నె బోర్లించారమ్మా. రెండ్రోజులకి తీస్తే మచ్చల నిండా నల్లచుక్కలు. ఇది ఫంగస్సే, ఆకు తడిస్తే ఇంకా పాకుతుందన్నారు."

"మరి నాకు చెప్పలేదేం పిన్నిగారూ?"

"పూజలు చేసుకునేదానివి, నీ మనసు కష్టపెట్టడం ఎందుకని."

ఆవిడ ప్రేమగానే అన్నారు. నీళ్లు ఆకుల మీద కాక మొక్క మొదట్లో పోసి మొక్కుకోమంటే మొక్కుకునేదాన్ని కదా. అమ్మవారూ కాదనేది కాదు. అన్ని పుస్తకాలు నా చేతిలో పెట్టి, ఈ ఒక్క ముక్క దాచారు.

ఆయన్ని తలుచుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. మనసు మాత్రం కుదుటపడలేదు. పిల్లలూ, ఈ కాగితాలు దాచండి. పిన్నిగారికి గాని మరొకరికి గాని చూపించకండి. మిగిలిన మొక్కకి ఇప్పుడు మొదట్లోనే పోస్తున్నాను. వాన వస్తే మాత్రం, అడ్డం పెట్టేందుకేమీ లేక, ఆకుల మీద పడే చినుకుల్ని చూస్తూ గట్టున నిలబడిపోతాను.