గోడవైపు తిప్పిన రీళ్లు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ఆమెను అందరూ గడువక్క అనేవారు. ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చినా ముందు "గడువెప్పటికి?" అని అడగడం ఆమె అలవాటు. ఎంత, ఎవరికి, ఎందుకు అన్నవి ఆ తర్వాతి సంగతులు. మొదట్లో ఆ పేరు ఆమె వెనకాల అనుకునేవారు. ఇరవై రెండేళ్లు గడిచేసరికి ముఖం మీదే పిలవడం మొదలెట్టారు, ఆమె పలకడమూ మొదలెట్టింది.

అప్పు మాట ఎత్తితే ముక్కు విరిచేవాళ్లంటే ఆమెకు చిరాకు. అప్పు చేయని కంపెనీ ఉన్నచోటే ఉంటుందని ఆమె నమ్మకం. ఏ అప్పు దేనికో తెలియని కంపెనీ ఉన్నచోట కూడా ఉండదని ఇంకా గట్టి నమ్మకం. ఆమె బల్ల వెనక గోడకు పెద్ద అట్టముక్క ఒకటి కొట్టి ఉండేది. దాని మీద నెలలు గీసి, కంపెనీ తీర్చాల్సిన ప్రతి అప్పుకూ ఒక గుండుసూది గుచ్చేది. ఎర్ర తల సూదులు పొట్టి అప్పులు. కాగితం కొని, పెట్టెలు చేసి అమ్మి, డబ్బు చేతికి రాగానే కట్టేసేవి. నీలం తలవి పొడుగు అప్పులు. యంత్రాలకీ షెడ్లకీ తెచ్చి, ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చేవి. ఎర్ర డబ్బుతో నీలం పని చేయకూడదన్నది ఆమె నియమం. ఐదేళ్లకు గాని తన ఖరీదు సంపాదించలేని యంత్రాన్ని పట్టుకుని, మూడు నెలల్లో డబ్బు తెమ్మంటే అదెక్కడి నుంచి తెస్తుంది? ఈ మాట కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది. వినేవాళ్లు ఆవలింత ఆపుకోవడానికి నానా తంటాలు పడేవారు.

ఎర్ర సూదుల్లో పెద్దది బ్యాంకులో ఉన్న రెండు కోట్ల అప్పు ఖాతా. రెండు కోట్లని పేరేగాని, గోదాములో సరుకూ బయట రావాల్సిన బాకీలూ కలిపి ఎంత విలువుంటే అందులో ముప్పాతిక వరకే వాడుకోనిచ్చేవారు. అందుకే ప్రతి నెలాఖరుకూ సరుకు పట్టిక బ్యాంకుకు వెళ్లాలి. దాని కింద యజమాని సంతకం, పక్కన ఆమె సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టేముందు ఆమె చేతికి ఒక పొట్టి కర్ర తీసుకుని గోదాములో నడిచేది. మనిషి ఎత్తున నిలబెట్టిన కాగితపు రీళ్లను ఒక్కొక్కటీ కొట్టి చూసేది. పొడి రీలు గట్టిగా పలుకుతుంది, నీళ్లు తాగినది పలకదు. ఇలా చూడమని బ్యాంకు ఏనాడూ అడగలేదు. అడక్కుండా చేసే పని మీదే మనిషికి గర్వం ఎక్కువ, ఆమెకూ అంతే.

ఆ ఏడాది ఆమె కంటికి ఆపరేషన్ అయింది. మూడు వారాలు ఇంట్లో ఉండాలని, ఆ తర్వాత ఇంకో నెలపాటు దుమ్ములోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె తిరిగి పనిలోకి వచ్చేసరికి షెడ్డులో కొత్త కోత యంత్రం కూర్చుని ఉంది. నగదు ఇస్తే ధర తగ్గిస్తామన్నారట. చిన్నసారు, అంటే తండ్రి తర్వాత కుర్చీ ఎక్కిన ముప్పై ఆరేళ్ల యజమాని, వెనకా ముందూ చూడకుండా అరవై లక్షలు ఆ ఎర్ర ఖాతాలోంచే లాగి కట్టేశాడు. గోదాము పైకప్పు రేకులు మార్చడానికి ఆమె అట్టే పెట్టిన పన్నెండు లక్షలు కూడా అందులోనే కలిసిపోయాయి.

ఆమె అతనికి ఆ రోజే గడ్డి పెట్టింది. అతను నవ్వాడు. "మూడు నెలల్లో యంత్రమే తెచ్చిపెడుతుంది అక్కా, మీరు కళ్లు జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. యంత్రానికి రావాల్సిన ఒక భాగం రాలేదు. మూడు నెలలు కాదు, మూడు పెట్టెలు కూడా అది కోయలేదు. వానలు మాత్రం చెప్పిన సమయానికి వచ్చాయి.

ఆ నెలాఖరు లెక్క ఆమె తమ్ముడే చూశాడు. గోదాము బాధ్యత అతనిదే. ఆమే పెద్దసారును అడిగి పద్నాలుగేళ్ల క్రితం ఆ పనిలో పెట్టించింది. అతను తెచ్చిన పట్టిక మీద ఆమె ఆఫీసులో కూర్చునే సంతకం పెట్టింది. తమ్ముడి లెక్క కదా అనుకుంది.

ఆ తర్వాతి నెల డాక్టరు సరేనన్నాక, మళ్లీ కర్ర తీసుకుని గోదాములోకి వెళ్లింది. ముందు వరుసలన్నీ గట్టిగా పలికాయి. చివరి మూడు వరుసల దగ్గర కర్ర తగిలిన శబ్దమే రాలేదు. నానిన గోడను కొట్టినట్టుంది. పక్కకు వంగి వెనక చేయి పెట్టింది. వేళ్లకు బూజు అంటుకుంది. తడిసిన వైపు గోడకు తిప్పి, మంచి వైపు మనుషులకు కనపడేట్టు ఎవరో శ్రద్ధగా సర్దారు. అంత శ్రద్ధ ఎవరి చేతిదో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

"ఎప్పుడు తడిశాయిరా?" అంది.

తమ్ముడు తల దించుకున్నాడు. "పోయిన నెల. మొదటి వానకే."

"అంటే నేను సంతకం పెట్టేనాటికే."

"చిన్నసారు చెప్పొద్దన్నారు. యంత్రం మొదలైతే అంతా సర్దుకుంటుంది, అక్కకి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు కంగారు పెట్టకు అన్నారు. నిజమే కదా అనుకున్నానక్కా."

"నా కళ్లు బాగు చేసుకోమని పంపి, ఇక్కడ నా కళ్లకు గంతలు కట్టారన్నమాట."

అతను తల ఎత్తలేదు. ఆమెకు వాడిని చెంప మీద కొట్టాలనిపించింది, అదే క్షణంలో ఏడుపూ వచ్చింది. రెండూ చేయకుండా రీళ్లు లెక్కపెట్టింది. నలభై ఎనిమిది లక్షల సరుకు పనికిరాకుండా పోయింది. పట్టికలో రెండు కోట్ల అరవై అని ఉన్న చోట నిజంగా ఉన్నది రెండు కోట్ల పన్నెండు. దానికి ముప్పాతిక అంటే కోటి యాభై తొమ్మిది. కంపెనీ వాడుకున్నది మాత్రం కోటి తొంభై రెండు. ముప్పై మూడు లక్షలు బ్యాంకుకు తెలియకుండా అదనంగా వాడేసుకున్నారు. ఎల్లుండి ఖాతా ఏడాది గడువు పొడిగించడానికి బ్యాంకు నుంచి ఆఫీసరు సరుకు చూడటానికి వస్తున్నాడు. ఏడో తారీఖున నూట నలభై మందికి జీతాలు ఇవ్వాలి. ఇరవై నాలుగు లక్షలు. అవి కూడా ఆ ఖాతాలోంచే రావాలి.

చిన్నసారు గదిలో అతని మొహం చూస్తే ఆమెకు జాలి కూడా వేసింది. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"ఒక్క నెల అక్కా. ఆ ఆఫీసరు కొత్తవాడు. ముందు వరుసలు చూసి పోతాడు. యంత్రం భాగం ఓడలో ఉంది."

"ఓడ మునిగితే?"

"అలా అనకండి. మీరు నిజం చెప్పారనుకోండి, ఖాతా ఆపేస్తారు. ఏడో తారీఖున గేటు దగ్గర నిలబడి నూట నలభై మందికీ మీరే చెబుతారా?" గొంతు తగ్గించి అన్నాడు. "పోయిన నెల పట్టిక మీద సంతకం మీది కూడా. రీళ్లు తిప్పింది మీ తమ్ముడు. నేను బెదిరించట్లేదు. గుర్తు చేస్తున్నానంతే."

అది బెదిరింపేనని ఇద్దరికీ తెలుసు. ఆమె బయటికొచ్చి అట్టముక్క ముందు కూర్చుంది. ఇరవై రెండేళ్లలో ఆ బ్యాంకు ఆమె సంతకాన్ని ఒక్కసారీ ప్రశ్నించలేదు. ఇంకో నాలుగు నెలల్లో ఆమె రిటైరవుతుంది. నోరు మూసుకుంటే ఆ పేరుతోనే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆమె కూడా మనిషే, ఆ ఆలోచన రాకుండా ఉండదు. దాన్ని రెండు రోజులు మోసింది. మోస్తూనే ఒక కాగితం తయారు చేసింది.

ఆఫీసరు ఉదయం పదింటికి వచ్చాడు. చిన్నసారు కుర్చీ వేయించబోతే వద్దని, నేరుగా గోదాములోకి నడిచాడు. తమ్ముడు తాళం తీశాడు. తాళంచెవి రెండుసార్లు చేతిలోంచి జారింది. ఆఫీసరు మొదటి వరుస లెక్కపెట్టాడు, రెండోది లెక్కపెట్టాడు. బరువు చీటీలు పట్టికతో సరిచూశాడు. చివరి మూడు వరుసల ముందు నిలబడి, దూరం నుంచే పెన్నుతో గీతలు గీసుకున్నాడు. అన్నీ సరిపోయాయి. చిన్నసారు ఊపిరి వదిలిన శబ్దం ఆమెకు వినబడింది.

"బాగుంది మేడం. పట్టిక మీద మీ సంతకం ఒక్కటే మిగిలింది" అని కాగితం ఆమె వైపు చాచాడు.

ఆమె పెన్ను మూత తీసింది. తమ్ముడి వైపు చూసింది. వాడు కళ్లు మూసుకున్నాడు. పెన్ను మూత మళ్లీ పెట్టేసింది.

"ఆ చివరి వరుసలు ఇటు తిప్పించి చూడండి సార్" అంది.

ఎవరూ కదల్లేదు. చిన్నసారు "అక్కా" అని మాత్రం అన్నాడు. ఆఖరికి తమ్ముడే వెళ్లి, రీలును రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. నల్లటి బూజు మరక పై నుంచి కింద దాకా ఉంది. ఆ తర్వాత రెండోది తిప్పాడు. మూడోది. ఎవరూ ఆపమనలేదు. వాడు ఏడుస్తూనే ముప్పై ఒక్క రీళ్లూ తిప్పాడు.

ఆఫీసరు ముఖం మారిపోయింది. "ఇవి ఎప్పటి నుంచి?"

"పోయిన నెల నుంచి. ఆ పట్టికా తప్పే. దాని మీద నా సంతకం ఉంది. చూడకుండా పెట్టాను."

"పోయిన నెల సంగతి నేను అడగలేదు మేడం."

"మీరు అడగరు. నేనే చెప్తున్నాను." ఆమె తను తయారు చేసిన కాగితం ఇచ్చింది. "ఇది కూడా చూడండి. ఈ ముప్పై మూడు లక్షలు ఎవరూ తినలేదు, పక్క షెడ్డులో యంత్రమై కూర్చున్నాయి. పొట్టి అప్పుతో పొడుగు పని చేశాం, అదీ మా తప్పు. యంత్రాన్ని తాకట్టు పెట్టుకుని ఆ అరవై లక్షలు ఐదేళ్ల అప్పుగా మార్చండి. అప్పుడు ఈ ఖాతాలో వాడకం కోటి ముప్పై రెండుకు దిగుతుంది, నిజం సరుకుకు లోబడే ఉంటుంది. జీతాలు పోను మూడు లక్షలు మిగులుతాయి కూడా."

ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు. నిర్ణయం తన చేతిలో లేదన్నాడు. అది తేలేదాకా ఖాతాలోంచి ఒక్క చెక్కు కూడా దాటదన్నాడు. వెళ్లిపోయాడు. చిన్నసారు తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ రోజు ఒకటో తారీఖు. రెండు, మూడు, నాలుగు తారీఖులు ఫోను మోగలేదు. అట్టముక్క మీద ఏడు దగ్గర గుచ్చిన ఎర్ర సూదిని చూడలేక ఆమె కుర్చీ పక్కకు తిప్పుకుంది. సంగతి షెడ్డులోకి పాకింది. ఆమె నీళ్లు తాగడానికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. అట్టలు అతికించే ఆమె ఒకరోజు దగ్గరికొచ్చి, "గడువక్కా, పిల్ల ఫీజు కట్టాలి. ఏడునే వస్తాయి కదా?" అంది. "తెలియదు" అంది గడువక్క. ఇరవై రెండేళ్లలో ఒక గడువు గురించి ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఐదో తారీఖున బ్యాంకు ఒక షరతు చెప్పింది. యంత్రం ఖరీదులో పావు వంతు, పదిహేను లక్షలు, యజమాని సొంతంగా తెచ్చి పెట్టాలి. మిగతా నలభై ఐదు ఐదేళ్ల అప్పుగా ఇస్తారు. చిన్నసారు తన కారూ, భార్య నగలూ అమ్మి ఆరో తారీఖు మధ్యాహ్నానికి ఆ డబ్బు కట్టాడు. సాయంత్రం నాలుగింటికి బ్యాంకు ఉత్తరం వచ్చింది. దాన్ని అతనే పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇచ్చారు అక్కా. రేపు జీతాలు ఇచ్చేయొచ్చు."

ఆమె చేయి చాచింది. అతను ఉత్తరం వెంటనే ఇవ్వలేదు.

"ఇంకో షరతు పెట్టారు. తప్పు నాదని, మీది కాదని ఫోనులో గంటసేపు చెప్పాను. వినలేదు."

ఆమె తీసుకుని చదివింది. ఇకపై సరుకు పట్టికల మీద బయటి ఆడిటరు సంతకం ఉండాలని, ప్రస్తుత లెక్కల అధికారి సంతకాన్ని బ్యాంకు ఇక అంగీకరించదని అందులో ఉంది. ఆమె పేరు పూర్తిగా, తప్పు లేకుండా టైపు చేశారు.

ఆమె ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. అలాగే జరుగుతుందని ఆమెకు ముందే తెలుసు. బ్యాంకులో తను ఉన్నా అదే రాసేది. చిన్నసారు అక్కడే నిలబడ్డాడు. తమ్ముడి పని గురించి ఆమె అడగకముందే, "వాడు ఉంటాడు, పైకప్పు కూడా వేయిస్తాను" అన్నాడు.

ఆమె అట్టముక్క దగ్గరికి వెళ్లి నీలం సూదులు తీసింది. ఐదేళ్లకు అరవై వాయిదాలు. మొదటి నాలుగూ ఆమె ఉండగానే వస్తాయి. మిగతా యాభై ఆరు ఆమె వెళ్లిపోయాక. అన్నీ గుచ్చింది. అట్టముక్క చాలకపోతే తమ్ముడిని పిలిచి కొత్త అట్ట తెప్పించి అంటించింది.

మర్నాడు ఉదయం గేటు దగ్గర వరుస కట్టిన నూట నలభై మందికీ జీతాలు అందాయి. అట్టలు అతికించే ఆమె కవరు తీసుకుని, "నువ్వుండగా గడువు తప్పదని నాకు తెలుసక్కా" అంది. గడువక్క తల ఊపింది. చివరికి జీతాల పుస్తకంలో తన వరుస దగ్గరికి వచ్చి, అందుకున్నట్టు సంతకం పెట్టడానికి పెన్ను తీసింది. పక్కన తమ్ముడు నిలబడి చూస్తున్నాడు. కర్రతో రీలు కొట్టినంత శ్రద్ధగా, ముందు అంకె సరిచూసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టింది.