కొత్త చోటు, పాత గుర్తు

నిన్న ఆఫీసులో కొత్తగా చేరిన రూతు లవంగం కొరికింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే కీబోర్డు మీద నా చేతులు ఆగిపోయాయి. సువార్త గారు గదిలోకి వస్తే ఇదే వాసన. మిర్చి దుమ్ముకు పట్టుకున్న దగ్గు ఆగడానికి ఆవిడ బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. గుంటూరు బ్రాడీపేటలో ఓ కోచింగ్ సెంటర్ మేడ మీద మా చిన్న కంప్యూటర్ ఆఫీసు ఆవిడదే. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల సర్వర్లు చూసుకోవడం మా పని. పొదిలి నుంచి వచ్చి చేరిన నాకు మొదట్లో ఆవిడంటే హడలు.

చేరిన కొత్తలో ఓ ఉదయం సత్తెనపల్లి వైపు కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోన్ వచ్చింది. గేటు దగ్గర కంప్యూటర్ నుంచి చీటీలు రావడం లేదట. చీటీ లేనిదే బస్తా లోపలికి పోదు.

"నువ్వెందుకమ్మా, మేడమ్ గారికివ్వు!" అని కసిరాడు అక్కడి మేనేజరు. "మబ్బు కమ్ముకొస్తోంది. రైతులు ట్రాక్టర్ల మీద సరుకేసుకుని గేటు బయటే ఉన్నారు. తడిస్తే ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే!"

మా నాన్నా మిర్చి రైతే. కాయ తడిసి రంగు పోతే ఇల్లెలా ఉంటుందో నాకు తెలుసు. వెంటనే సర్వర్ తెరిచాను. చీటీల ఫోల్డర్ ఉంది, అనుమతులన్నీ ఉన్నాయి, అయినా ప్రోగ్రామ్‌ను లోపలికి రానివ్వడం లేదు. మా సర్వర్లలో మామూలు అనుమతుల పైన ఇంకో కాపలా ఉంటుంది. ప్రతి ఫోల్డర్‌కూ ఒక గుర్తు ఉంటుంది; ఏ ప్రోగ్రామ్ ఏ గుర్తున్న చోటికి వెళ్లొచ్చో ఆ కాపలాయే చూస్తుంది.

"కాపలా ఆపేద్దామా మేడమ్? వెంటనే పనైపోతుంది."

లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారింది. "తలుపు తెరుచుకోలేదని గోడ పడగొడతామా? అది ఊరికే వద్దనదు. ఎందుకు వద్దందో రాసే ఉంటుంది, చదువు."

చదివాను. చీటీల ఫోల్డర్‌కు వేరే చోటి గుర్తు ఉంది.

ఆవిడ నుదురు కొట్టుకున్నారు. "డిస్కు నిండిందని నిన్న దాన్ని కొత్త చోటికి జరిపింది నేనేగా! నువ్వు మా చర్చి సంఘానికొచ్చిన కొత్తలో ప్రభువు బల్ల రొట్టె తీసుకోకుండా ఎందుకు ఆగావు?"

"పొదిలి పాస్టరు గారి దగ్గర్నుంచి నా సభ్యత్వం బదిలీ ఉత్తరం రాలేదని."

"మనిషివి ఇక్కడికొచ్చావు, సభ్యత్వం అక్కడిదే. ఇదీ అంతే. జరిపితే పాత గుర్తుతోనే వచ్చేసింది."

నేను గబగబా గుర్తు మార్చబోతే ఆపారు. "పైపైన అతికిస్తే మళ్లీ ఊడుతుంది. ఈ చోటుకి ఈ గుర్తు అని ముందు నియమం రాయి, ఆ తర్వాత మార్చు."

అలాగే చేశాను. ఫోన్లో మేనేజరు అరిచాడు, "వచ్చాయి, చీటీలొచ్చాయి!" వెనక ట్రాక్టర్లు కదిలిన చప్పుడు వినబడింది. సరుకంతా లోపలికి చేరాకే వాన పడిందని తర్వాత తెలిసింది.

"ఇంతకీ తప్పెవరిదండీ?" అని అడిగాడాయన. సువార్త గారు నా చేతిలోంచి ఫోన్ అందుకున్నారు.

"నాదేనండి. జరిపాను, గుర్తు చూసుకోలేదు. సరిచేసింది మా అమ్మాయి. ఇకమీదట మీ పని తనే చూస్తుంది, తనతోనే మాట్లాడండి."

మా అమ్మాయి అన్నారు. పొదిలి నుంచి వచ్చిన ఎవరో పిల్లగా ఉన్న నాకు ఆ మాటతో గుంటూరులో చోటు దొరికింది. ఇంటికి వెళ్లి సంతోషంతో ఏడ్చాను.

ఇప్పుడు సువార్త గారు లేరు, ఆ ఆఫీసు నేను నడుపుతున్నాను. తలుపు తెరుచుకోని చోట ఇప్పటికీ నాకు ముందు కోపమే వస్తుంది. లవంగం గుర్తొచ్చి, ఎందుకు వద్దందో కూర్చుని చదువుతాను.

నిన్న ఆ వాసన ఇంకా పోకముందే ఫోన్ మోగింది. రూతు ఎత్తింది. "నువ్వు కాదమ్మా, మేడమ్ గారికివ్వు," అని అవతలి గొంతు నాకూ వినబడింది. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని ఫోన్ నా వైపు చాపింది.

అందుకున్నాను. "మీ పని తనే చూస్తుందండి," అని చెప్పి, ఫోన్ మళ్లీ రూతు చేతిలోనే పెట్టాను.