మెడ మీద రెండు వేళ్లు

గార్లలో రైలెక్కాను. ఖాళీ ఉన్న ఒక్క సీటు పక్కన ఒకాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా యూరియా వాసన, మెడ వెనక నిమ్మకాయంత కాయ. ముక్కు చిట్లించుకుంటూనే కూర్చున్నాను.

"ఏం పని?" అన్నాను.

"ఓడరేవుల హమాలి. ఓడల వచ్చిన యూరియా బస్తాలు మోసుడు."

ఉద్యోగాలకు వచ్చేవాళ్ల సర్టిఫికెట్లు చూడటమే నా కొలువు. అందుకే, "దానికి కూడా దరఖాస్తు పెట్టాలా?" అని వెటకారం చేశాను.

ఆయన నాకంటే వెటకారంగా నవ్వాడు. "కాయితాలు ఎవడు జూస్తడు సారూ? పొద్దుగాల గేటు కాడ వరుసగ నిలబడాలె. మేస్త్రి ఎనుకకెల్లి వచ్చి మెడ మీద రెండు వేళ్లు పెట్టి ఒత్తుతడు. బస్తాలు మోసి కాసిన కాయ గట్టిగుంటే లోపలికి, మెత్తగుంటే ఇంటికి."

"మరి ఇప్పుడు సెలవా?"

"సెలవు లేదు, ఏం లేదు. బస్తాతోని జారిపడ్డ, భుజం కీలు తప్పింది. నిన్న మెడ ఒత్తి చూసిండు, గట్టిగనే ఉంది. చెయ్యి పైకి లేపమన్నడు. లేవలే. పొమ్మన్నడు." కిటికీలోంచి ఉమ్మేశాడు. "బస్తా ఎన్నడు మొయ్యనోడు! వాని మెడకు బంగారు గొలుసు తప్ప ఏమున్నది?"

మహబూబాబాద్‌లో దిగడానికి లేచాడు. ఉన్నట్టుండి నా ఐడీ కార్డు తాడును పక్కకు జరిపి, నా మెడ వెనక రెండు వేళ్లతో ఒత్తాడు.

"మెత్తగుంది. గేటు కాన్నించే వాపస్ పోతవ్ సారూ."

ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఫైలు పెడితే, దాన్ని తెరవకముందే నా చెయ్యి మెడ వెనక్కి పోతుంది.